యూరోవిజన్ స్థాయి సంగీత వేడుకకి బందోబస్తు ఎలా ప్లాన్ చేస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

యూరప్‌లో ఉంటూ ఇలాంటి షోలకి వెళ్లేవాళ్లు, హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఈవెంట్ మేనేజ్‌మెంట్ పనిలో ఉన్నవాళ్లు, మే నెలలో టీవీలో యూరోవిజన్ చూస్తూ "ఇంతమంది పోలీసులు ఎందుకు?" అనుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు ఇవి. ఎక్కువ భాగం యూరోవిజన్ గురించే. కొన్ని పాఠాలు మాత్రం వేరే చోట్ల, చాలా ఖరీదుగా నేర్చుకున్నవి కాబట్టి వాటి ప్రస్తావన కూడా వస్తుంది.

పాటల పోటీకి ఇంత బందోబస్తు ఎందుకు?

1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో మొదలైన పోటీ ఇది. యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ నడుపుతుంది. దాని ప్రధాన కార్యాలయం జెనీవాలో ఉంది. ఈమధ్య ఏటా 37 దేశాల వరకు పాల్గొంటున్నాయి. టీవీల్లో చూసేవాళ్లు 16 కోట్లకు పైనే. అంతా లైవ్.

మామూలు కాన్సర్ట్‌లో గాయకుడు తన తరఫునే పాడతాడు. ఇక్కడ దేశం పేరు మీద, దేశం జెండాతో వస్తాడు. ఆ దేశం మీద ఎవరికి కోపం ఉన్నా ఆ మూడు నిమిషాల పాట మీద చూపించొచ్చు. చిన్న గొడవ చేసినా కోట్ల మంది చూస్తారు. పైగా రెండు సెమీఫైనల్స్, ఒక ఫైనల్, వాటి ముందు రిహార్సల్ షోలు, ఊరంతా ఫ్యాన్ల హడావుడి కలిపితే రెండు వారాలకు పైగా సాగే వ్యవహారం. ఒక్క రాత్రితో అయిపోయే పని కాదు.

బాధ్యత ఎవరిది? పోలీసులదా, నిర్వాహకులదా?

ఇద్దరిదీ. చిక్కు వచ్చేది కూడా అక్కడే. సాధారణంగా హాల్ గేటు లోపల నిర్వాహకుల బాధ్యత, గేటు బయట పోలీసుల బాధ్యత. లోపల ప్రైవేటు సెక్యూరిటీ గార్డులు, దారి చూపే సిబ్బంది ఉంటారు. నేరం జరిగితేనో, ముప్పు ఉందని తెలిస్తేనో పోలీసులు లోపలికి వస్తారు. యూరోవిజన్‌లో ఇంకో రెండు పొరలు కలుస్తాయి. ఒకటి ఆతిథ్య దేశపు ప్రసార సంస్థ (2024లో స్వీడన్‌కి చెందిన ఎస్‌వీటీ, 2025లో స్విట్జర్లాండ్‌కి చెందిన ఎస్ఆర్‌జీ ఎస్ఎస్ఆర్). రెండోది ఆ నగర పాలక సంస్థ. వీళ్లకు తోడు అంబులెన్స్ సేవలు, ఫైర్ సర్వీస్, రైల్వే, విమానాశ్రయం, సైబర్ భద్రత చూసే విభాగం, ఒక్కో దేశపు ప్రతినిధి బృందం.

ఇంతమంది ఒకచోట కూర్చుంటే ఎవరికి వారే యమునా తీరే అయ్యే ప్రమాదం ఎక్కువ. అందుకే మంచి ప్లాన్‌లో మొదటి పేజీల్లో ఉండేది కెమెరాల లెక్క కాదు. ఏ పరిస్థితిలో నిర్ణయం ఎవరిది, ఆ మనిషి అందుబాటులో లేకపోతే తరవాత ఎవరు అన్న జాబితా. కింద చెప్పే చాలా ప్రమాదాల్లో కొరవడింది అదే.

ఖర్చు సంగతి కూడా ఒక మాట. బాసెల్ నగరం 2025 పోటీకి 3.75 కోట్ల ఫ్రాంకులు కేటాయిస్తే, ఒక చిన్న పార్టీ సంతకాలు సేకరించి దాన్ని ప్రజల ఓటింగ్‌కి తెచ్చింది. 2024 నవంబర్ 24న 66.6 శాతం మంది 'సరే' అన్నారు. పాటల పోటీ ఖర్చు మీద జనం ఓటు వేయడం స్విస్ వాళ్లకే చెల్లింది.

ప్లానింగ్ ఎన్ని నెలల ముందు మొదలవుతుంది?

గెలిచిన దేశం వచ్చే ఏడాది ఆతిథ్యం ఇవ్వాలి. అంటే మే నెలలో రాత్రికి రాత్రే ఆ దేశానికి పని పడుతుంది. 2023 మేలో లివర్‌పూల్‌లో స్వీడన్ గెలిచింది, జులై 7న మాల్మో పేరు ప్రకటించారు. 2024 మేలో స్విట్జర్లాండ్ గెలిచింది, ఆగస్టు 30న బాసెల్‌ని ఎంచుకున్నారు. కాబట్టి నగరానికి చేతిలో ఉండేది ఎనిమిది, పది నెలలు. ఒలింపిక్స్‌కి ఏడేళ్లు దొరుకుతాయి కదా అని పోల్చి చూస్తే ఈ టెన్షన్ అర్థమవుతుంది.

మాల్మో 2024 గురించి అంతగా ఎందుకు చెప్పుకుంటారు?

కష్టాలన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి కాబట్టి. స్వీడన్‌లో ఖురాన్ ప్రతులు తగలబెట్టిన ఘటనల తరవాత, 2023 ఆగస్టు 17న అక్కడి భద్రతా నిఘా సంస్థ ఉగ్రవాద ముప్పు స్థాయిని అయిదింట మూడు నుంచి నాలుగుకు పెంచింది. అదే అక్టోబర్‌లో బ్రస్సెల్స్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లిన ఇద్దరు స్వీడన్ పౌరులను ఒక దుండగుడు కాల్చి చంపాడు. అదే నెలలో గాజా యుద్ధం మొదలైంది. పోటీలో ఇజ్రాయెల్ ఉంది. మాల్మోలో పాలస్తీనా మూలాలున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. సుమారు మూడున్నర లక్షల జనాభా ఉన్న ఆ ఊరికి లక్ష మంది దాకా అతిథులు వస్తారని అంచనా.

స్వీడన్ పోలీసులు సరిపోరని డెన్మార్క్, నార్వేల నుంచి కూడా బలగాలను రప్పించారు. మే 7, 9, 11 తేదీల్లో షోలు. తొమ్మిదో తేదీన, ఇజ్రాయెల్ గాయని పాడే రోజున, ఊరి మధ్యలో 10,000 మందికి పైగా నిరసన ర్యాలీ తీశారు. గ్రెటా థున్‌బెర్గ్ కూడా అందులో ఉంది. ఫైనల్ రోజు హాల్ బయట గుమిగూడిన నిరసనకారులను పోలీసులు అక్కడి నుంచి పంపించేశారు.

ఇక్కడ ప్లానింగ్ పరంగా గమనించాల్సిన సంగతి ఒకటుంది. నిరసన తెలపడం స్వీడన్‌లో హక్కు. దాన్ని నిషేధించడం కాదు, దానికి దారి ఇవ్వడం పోలీసుల పని. కాబట్టి ర్యాలీకి ఒక రూటు, ప్రేక్షకులకు ఇంకో రూటు, ఇజ్రాయెల్‌కి మద్దతుగా వచ్చేవాళ్లకు వేరే కూడలి కావాలి. వాళ్లూ వీళ్లూ ఎదురుపడకుండా చూడడమే సగం పని.

ఇంకో చిక్కు భూగోళం తెచ్చిపెట్టింది. మాల్మో అరీనా హిల్లీ రైల్వే స్టేషన్ పక్కనే ఉంది. కోపెన్‌హాగెన్ నుంచి ఓరెసుండ్ వంతెన దాటి వస్తే స్వీడన్‌లో మొదటి స్టేషన్ అదే. మాల్మోలో హోటళ్లు దొరకని చాలామంది డెన్మార్క్ వైపు బస చేస్తారు. షో అయ్యేసరికి అర్ధరాత్రి దాటుతుంది. వేలమంది ఒకేసారి ఒకే స్టేషన్ వైపు నడుస్తారు. పత్రికల్లో ఎక్కువగా వచ్చింది నిరసనల వార్తే. నా లెక్కలో మాత్రం ప్లాన్ వేసేవాడికి నిద్ర పట్టనివ్వనిది ఆ స్టేషన్ మెట్లే.

బ్యాగులు ఎందుకు వద్దంటారు? క్యూ ఎందుకంత నెమ్మది?

మాల్మోలో హాల్ లోపలికి బ్యాగులు అసలు రానివ్వలేదు. చాలామంది విసుక్కున్నారు. లెక్క వేసి చూస్తే విషయం తెలుస్తుంది.

స్టేడియాల భద్రతకి బ్రిటన్‌లో 'గ్రీన్ గైడ్' అనే ప్రామాణిక పుస్తకం ఉంది. దాని ప్రకారం టికెట్ మాత్రమే చూసి పంపే ఒక్క గేటు గంటకి 660 మందికి మించి పంపలేదని లెక్క పెట్టుకోవాలి. 15,000 మంది రెండు గంటల్లో లోపలికి రావాలంటే 12 గేట్లు చాలు. ఇప్పుడు ఒక్కో మనిషి బ్యాగు తెరిచి చూడడానికి 20 సెకన్లు పడుతుందనుకోండి. గేటుకి గంటకి 180 మందే. అదే 15,000 మందికి 42 గేట్లు కావాలి. అన్ని గేట్లూ ఉండవు, అంతమంది శిక్షణ ఉన్న సిబ్బందీ దొరకరు. ఫలితంగా బయట క్యూ పెరుగుతుంది. షో మొదలయ్యే టైమ్ దగ్గరపడే కొద్దీ వెనకున్నవాళ్లు ముందుకు తోస్తారు. బయట కిక్కిరిసిన ఆ క్యూయే ప్రమాదంగా మారుతుంది. చెకింగ్ ఎంత కఠినంగా ఉంటే భద్రత అంత ఎక్కువ అనుకోవడం అందుకే పొరపాటు. బ్యాగులే లేకుండా చేస్తే చెకింగ్ కఠినంగానూ ఉంటుంది, క్యూ కూడా కదులుతుంది.

బయటికి వెళ్లేటప్పుడు లెక్క వేరు. సమతలంగా ఉన్న దారిలో ఒక మీటరు వెడల్పుకి నిమిషానికి 82 మంది, మెట్ల మీద 66 మంది వెళ్లగలరని అదే పుస్తకం చెబుతుంది. అందరూ ఎనిమిది నిమిషాల్లో బయటపడాలి అనుకుంటే 15,000 మందికి మొత్తం 23 మీటర్ల వెడల్పు దారి కావాలి. అన్నిటికన్నా పెద్ద ద్వారం మూసుకుపోయిందనుకుని ఈ లెక్క మళ్లీ వేయాలి. ప్రమాదం ఆ ద్వారం దగ్గరే జరగొచ్చు కదా.

హాల్ లోపల కన్నా బయటే ప్రమాదం అంటారు, నిజమా?

చాలావరకు నిజం. 2017 మే 22న మాంచెస్టర్ అరీనాలో షో అయిపోయి జనం ఇళ్లకి వెళ్తుండగా, టికెట్ చెకింగ్‌కి బయటి వైపు ఉండే విశాలమైన హాల్లో ఆత్మాహుతి బాంబు పేలింది. 22 మంది చనిపోయారు. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన తల్లిదండ్రులూ అందులో ఉన్నారు. లోపలికి రావడానికి దుండగుడు ప్రయత్నించనే లేదు. కెమెరాలకి కనిపించని ఒక మూల కాచుకుని కూర్చున్నాడు.

తరవాత జరిగిన న్యాయ విచారణ బయటపెట్టిన విషయాలు ఈ రంగంలో ప్రతి ఒక్కరూ చదవాలి. పేలుడుకి కొద్దిసేపు ముందు ఒక సామాన్యుడికి అనుమానం వచ్చి అక్కడి సిబ్బందికి చెప్పాడు. ఒక కుర్ర సెక్యూరిటీ గార్డు రేడియోలో కంట్రోల్ రూమ్‌కి చెప్పబోతే లైను దొరకలేదు. ఫైర్ సర్వీస్ ఘటనాస్థలానికి చేరడానికి రెండు గంటలకి పైగా పట్టింది. ఒక విభాగం చెప్పింది ఇంకో విభాగానికి అందక, అక్కడింకా కాల్పులు జరుగుతున్నాయేమో అన్న అయోమయంలో దూరంగా ఆగిపోయారు. సిబ్బంది ఉన్నారు, పరికరాలు ఉన్నాయి, ఒకరి మాట ఒకరికి చేరలేదు.

మృతుల్లో ఒకరి తల్లి ఏళ్ల తరబడి చేసిన పోరాటంతో బ్రిటన్‌లో కొత్త చట్టం వచ్చింది. అందరూ మార్టిన్ చట్టం అంటారు. 2025 ఏప్రిల్ 3న ఆమోదం పొందింది. 200 మందికి పైగా పట్టే వేదికలు దాడి జరిగితే ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోవాలి. 800 దాటితే నిబంధనలు ఇంకా కఠినం. సిద్ధం కావడానికి కనీసం రెండేళ్లు గడువిచ్చారు.

వియన్నా సంగతీ ఇలాంటిదే. 2024 ఆగస్టు 8, 9, 10 తేదీల్లో టేలర్ స్విఫ్ట్ షోలు జరగాల్సిన ఎర్నెస్ట్ హాపెల్ స్టేడియం బయట, టికెట్ లేకుండా పాట వినడానికి గుమిగూడే అభిమానుల మీద దాడి చేయాలని 19 ఏళ్ల యువకుడు పథకం వేశాడని పోలీసులు తేల్చారు. ఆ వారం తరవాత లండన్ వెంబ్లీలో టికెట్ లేనివాళ్లని స్టేడియం బయట నిలబడనివ్వలేదు.

అందుకే ఇప్పుడు భద్రత వలయం హాల్ గేటు దగ్గర కాదు, చాలా దూరంలో మొదలవుతుంది. 2016లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో లారీతో జనాన్ని తొక్కించి 86 మందిని చంపినప్పటి నుంచి దారులకి అడ్డంగా కాంక్రీట్ దిమ్మెలు పెట్టడం మామూలైపోయింది. 2017 అక్టోబర్‌లో లాస్ వేగస్‌లో ఒక హోటల్ 32వ అంతస్తు నుంచి బహిరంగ కచేరీ మీద కాల్పులు జరిగాక, చుట్టూ ఉన్న ఎత్తైన భవనాలు కూడా ప్లాన్‌లోకి వచ్చాయి.

షో ఆపే అధికారం ఎవరికి ఉంటుంది?

నన్నడిగితే ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది.

వియన్నాలో ఒక్కో రాత్రికి దాదాపు 65,000 మంది రావాల్సి ఉంది. అరెస్టులు జరిగాయని తెలిసిన రోజునే నిర్వాహక సంస్థ మూడు షోలూ రద్దు చేసింది. అసలు నిందితుడు దొరికాడు కదా, ఆపాల్సిన అవసరం ఉందా అని వాదన నడిచింది. విమానం టికెట్లు, హోటళ్లు పెట్టుకుని ఖండాలు దాటి వచ్చిన అభిమానులు వీధుల్లో ఏడ్చారు. కానీ రద్దు చేయగల మనిషి ఎవరో తెలుసు, ఆ మనిషి సమయానికి నిర్ణయం తీసుకున్నాడు. ఒక్క ప్రాణం పోలేదు.

దీని పక్కన 2021 నవంబర్ 5ని పెట్టి చూడండి. హ్యూస్టన్‌లో ఆస్ట్రోవరల్డ్ ఫెస్టివల్. సుమారు 50,000 మంది. జనం స్టేజి వైపు నొక్కుకుపోయారు. రాత్రి 9.38కి అధికారులు భారీ ప్రమాదంగా ప్రకటించారు. అయినా పాట ఇంకో అరగంటకి పైగా సాగింది. 10 మంది చనిపోయారు, అందరికన్నా చిన్నవాడికి తొమ్మిదేళ్లు. తరవాత బయటపడిన ప్లాన్‌లో షో ఆపే అధికారం ఇద్దరంటే ఇద్దరికే ఉంది. తుపాకీ కాల్పులు, బాంబు బెదిరింపు, గాలివానల గురించి రాసుకున్నారు. జనం తోసుకొస్తే ఏం చేయాలో మాత్రం అందులో లేదు. సంగీత కచేరీలో అన్నిటికన్నా జరగడానికి అవకాశం ఉన్నది అదే.

కాబట్టి మీరు ప్లాన్ రాసేవాళ్లయితే, 'ఆపండి' అనగల మనుషుల పేర్లు షిఫ్టుల వారీగా రాయండి. వాళ్లు కంట్రోల్ రూమ్‌లో ఉండాలి, వీఐపీ గ్యాలరీలో కాదు. స్టేజి ముందున్న గార్డు నుంచి వాళ్లకి ఒకే ఒక్క అడుగులో మాట చేరాలి. మైకు కట్ చేసేది ఎవరు, లైట్లు వేసేది ఎవరు, జనానికి చదివి వినిపించే ప్రకటన ఏ భాషల్లో ఉంటుంది, ఇవన్నీ ముందే సిద్ధంగా ఉండాలి. గాయకుడికి కూడా ముందే చెప్పాలి. జనం వినేది ఆయన మాటే.

తొక్కిసలాటలో అసలు ఏం జరుగుతుంది?

పేరుకి తొక్కిసలాట అంటాం గానీ ఎక్కువమంది పోయేది కాళ్ల కింద పడి కాదు, నిలబడే ఊపిరాడక. ఒక చదరపు మీటరులో నలుగురి దాకా ఉంటే కదలొచ్చు. అయిదు దాటితే జాగ్రత్త పడాలి. ఆరు, ఏడు దాటాక మనిషి తన ఇష్టప్రకారం కదల్లేడు. జనం నీళ్లలా ఊగుతారు. ఒకచోట తోపు మొదలైతే మీటర్ల దూరం పాకుతుంది. ఛాతీ విప్పారడానికి చోటు ఉండదు. వెనకున్నవాళ్లకి ముందు ఏం జరుగుతోందో తెలియదు, తోస్తూనే ఉంటారు. వాళ్లని తిట్టి లాభం లేదు.

2010 జులై 24న జర్మనీలోని డూయిస్‌బర్గ్‌లో లవ్ పరేడ్‌కి వచ్చేవాళ్లకీ వెళ్లేవాళ్లకీ ఒకటే ర్యాంపు, అదీ సొరంగాల గుండా. ఎదురెదురుగా వచ్చిన జనం మధ్యలో ఇరుక్కుని 21 మంది చనిపోయారు, వందలమంది గాయపడ్డారు. ఆ ప్రాణాలు పోయింది అంతకుముందే, మ్యాపు మీద ఆ ర్యాంపు గీసిన రోజునే అనిపిస్తుంది. పదేళ్ల తరవాత, 2020లో, కేసు తీర్పు లేకుండానే ముగిసింది.

2000లో డెన్మార్క్‌లోని రోస్కిల్డే ఫెస్టివల్‌లో 9 మంది చనిపోయాక, స్టేజి ముందు జనాన్ని ఒకే ముద్దగా కాకుండా బారికేడ్లతో గళ్లుగళ్లుగా విడగొట్టడం మీద యూరప్‌లో శ్రద్ధ పెరిగింది. వెనక నుంచి వచ్చే తోపు ఆ బారికేడ్ దగ్గరే ఆగుతుంది.

పాట మధ్యలో ఎవరైనా స్టేజి మీదికి దూకితే?

యూరోవిజన్‌లో ఇది పాత కథే. 2010లో ఓస్లోలో స్పెయిన్ పాట జరుగుతుండగా ఎర్ర టోపీ పెట్టుకుని ఆకతాయి పనులకి పేరుపడిన ఒకడు డాన్సర్ల మధ్యకి దూరాడు. పాట ఆగలేదు. స్పెయిన్‌కి చివర్లో రెండోసారి పాడే అవకాశం ఇచ్చారు. 2017లో కీవ్‌లో ఆస్ట్రేలియా జెండా కప్పుకుని ఒకడు స్టేజి ఎక్కి ప్యాంటు విప్పి వెనక భాగం చూపించాడు. 2018లో లిస్బన్‌లో బ్రిటన్ గాయని చేతిలోంచి ఒకడు మైకు లాక్కున్నాడు. ఆమె తేరుకుని పాట పూర్తి చేసింది, మళ్లీ పాడమంటే అక్కర్లేదంది. ఆ ధైర్యానికి హాలంతా చప్పట్లు.

2025 బాసెల్ ఫైనల్లో ఇజ్రాయెల్ పాట చివర ఒక మగ, ఒక ఆడ బారికేడ్ దాటబోయారు. సిబ్బంది ఆపేశారు. వాళ్లలో ఒకరు విసిరిన రంగు ఒక సిబ్బంది మీద పడింది, గాయాలు కాలేదు. టీవీలో చూసేవాళ్లకి ఏమీ తెలియలేదు. స్టేజికీ జనానికీ మధ్య ఉండే ఖాళీ జాగా అందుకే. గార్డులు అక్కడ పాట వైపు కాదు, జనం వైపు తిరిగి నిలబడాలి. తమ ఇష్టమైన గాయని వెనకే పాడుతుంటే తిరిగి చూడకుండా ఉండడం చిన్న క్రమశిక్షణ కాదు.

ఏ జెండాలు పట్టుకెళ్లొచ్చు?

ఏడాదికో రూలు. మాల్మోలో ప్రేక్షకులకి పాల్గొనే దేశాల జెండాలు, ఎల్‌జీబీటీ వర్గాల ఇంద్రధనుస్సు జెండాలు మాత్రమే అనుమతించారు, పాలస్తీనా జెండాకి లేదు. బాసెల్‌లో ప్రేక్షకులకి సడలించారు. స్విస్ చట్టం నిషేధించని జెండా ఏదైనా సరే అన్నారు. కళాకారులకి మాత్రం స్టేజి మీద సొంత దేశపు జెండా ఒక్కటే అన్నారు. టికెట్‌తో వచ్చే మెయిల్ చదువుకుని వెళ్లండి, పోయినేడాది అనుభవం పనికిరాదు.

సైబర్ దాడుల భయం నిజంగా ఉందా?

ఉంది, రెండుసార్లు కళ్లారా చూశారు. 2019లో టెల్ అవీవ్ సెమీఫైనల్ రోజున ఇజ్రాయెల్ ప్రసార సంస్థ ఇంటర్నెట్ ప్రసారంలోకి ఎవరో చొరబడి, క్షిపణి దాడి జరగబోతోందని దొంగ హెచ్చరిక చూపించారు. హాల్లో ఉన్నవాళ్లు ఫోన్లలో అది చూసి పరిగెత్తి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. బాంబు లేకుండానే ప్రాణాలు పోయేవి. 2022లో టురిన్‌లో రష్యా అనుకూల కిల్‌నెట్ ముఠా ఓటింగ్ జరిగే సమయంలో చేసిన దాడులను అడ్డుకున్నామని ఇటలీ పోలీసులు చెప్పారు. ఆ ఏడాది గెలిచింది ఉక్రెయిన్.

అబద్ధపు వార్తని ఎదుర్కోవడానికి ఉన్న మందు ఒకటే. నిర్వాహకుల సొంత గొంతు అంతకన్నా ముందే, హాల్ స్పీకర్లలో వినపడాలి.

గాయకుల భద్రత అంటే బాడీగార్డులేనా?

ఇప్పుడు అంతకన్నా ఎక్కువ. 2024లో నెదర్లాండ్స్ గాయకుడు యూస్ట్ క్లైన్‌ని ఫైనల్ రోజున పోటీ నుంచి తీసేశారు. స్టేజి దిగి వస్తుండగా ఒక మహిళా కెమెరా సిబ్బందితో జరిగిన గొడవ కారణం. ఆగస్టులో స్వీడన్ ప్రాసిక్యూటర్లు కేసు వదిలేశారు. ఆ ఏడాది చాలామంది కళాకారులు తెరవెనక వాతావరణం భరించలేకపోయామన్నారు. దాంతో 2025 నుంచి ప్రవర్తనా నియమావళి, కళాకారుల సంక్షేమానికి ప్రత్యేక నిబంధనలు, కెమెరాలు రాకూడని గదులు వచ్చాయి. ఏ మూలకెళ్లినా ఎవరో ఒకరు వీడియో తీస్తుంటే మనిషి ఎప్పుడో ఒకప్పుడు తెగిపోతాడు. ఇది కూడా భద్రతే అని ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

వర్షం, గాలి, నిప్పు?

యూరోవిజన్ హాల్ లోపల జరుగుతుంది కాబట్టి గాలివాన గోల తక్కువ. బహిరంగ కచేరీలకి అదే పెద్ద శత్రువు. 2011 ఆగస్టులోనే వారం తిరక్కుండా రెండు ప్రమాదాలు జరిగాయి. ఇండియానాలో స్టేజి కూలి 7 మంది, బెల్జియంలోని పుకెల్‌పాప్‌లో తుపానుకి 5 మంది చనిపోయారు. గాలి వేగం ఎంత దాటితే స్టేజి ఖాళీ చేయించాలో అంకె ముందే రాసుకోవాలి. ఆ క్షణాన చర్చ పెట్టకూడదు. నిప్పురవ్వల ఎఫెక్టులకి ఫైర్ అధికారి సంతకం, పక్కనే మనిషి తప్పనిసరి.

మన దగ్గర పరిస్థితి ఏమిటి?

చేయగలమని 2025 జనవరి 25, 26 తేదీల్లో అహ్మదాబాద్‌లో కోల్డ్‌ప్లే షోలు చూపించాయి. రోజుకి లక్షమందికి పైగా వచ్చారు. మరో వైపు 2023 సెప్టెంబర్‌లో చెన్నైలో ఏఆర్ రెహమాన్ కచేరీకి టికెట్లు కొన్నవాళ్లే లోపలికి వెళ్లలేకపోయారు. అదే నవంబర్‌లో కొచ్చిలోని కుసాట్ విశ్వవిద్యాలయంలో కచేరీ మొదలవకముందే మెట్ల మీద తోపులాటలో నలుగురు చనిపోయారు. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు ఆస్పత్రి పాలయ్యాడు. అది సంగీత కచేరీ కాకపోయినా కారణాలు ఇవే: ఇరుకు ద్వారం, చూడాలన్న ఆత్రం, ఎవరు ఎప్పుడు వస్తారో అందరికీ ఒకేలా తెలియకపోవడం.

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2014లోనే జనసమూహాల నిర్వహణ మీద మంచి మార్గదర్శకాలు ఇచ్చింది. చదివేవాళ్లే తక్కువ. మన దగ్గర బందోబస్తు అంటే ఎంతమంది ఎస్సైలు, ఎంతమంది కానిస్టేబుళ్లు అని పత్రికా ప్రకటన వస్తుంది. గేటు వెడల్పు ఎంత, ఎన్ని పాసులు ఇచ్చారు, అసలు సీట్లు ఎన్ని అన్నది రాదు. విలేకరులు అడగాల్సింది ఆ మూడు అంకెలే. నా అనుమానం, పాసుల దగ్గరే చాలా ప్లాన్లు గల్లంతవుతాయి. నిర్వాహకుడు టికెట్లకి లెక్క వేస్తాడు, పలుకుబడి ఉన్నవాళ్లు ఇప్పించిన పాసులు లెక్కకి రావు.

టికెట్ కొన్నాను. నేనేం జాగ్రత్త తీసుకోవాలి?

బ్యాగు ఇంట్లో పెట్టండి. మందులు, ఇన్సులిన్ లాంటివి ఉంటే డాక్టర్ చీటీతో పాటు ముందే నిర్వాహకులకి మెయిల్ చేయండి. లోపలికి వెళ్లగానే మీరు వచ్చిన ద్వారం కాకుండా ఇంకొకటి ఎక్కడుందో చూసుకోండి. ప్రమాదం వస్తే అందరూ వచ్చిన దారినే పరిగెడతారు. ఫోన్లు పనిచేయకపోవచ్చు కాబట్టి కలుసుకునే చోటు ముందే అనుకోండి. చిన్నపిల్లల జేబులో మీ నంబర్ రాసిన కాగితం పెట్టండి.

జనం బిగుసుకుంటున్నారని అనిపిస్తే, ఇంకా చేయి ఎత్తగలిగే స్థితిలో ఉన్నప్పుడే పక్కలకి జరిగి బయటపడండి. ఇరుక్కుపోతే రెండు చేతులూ బాక్సర్‌లా ఛాతీ ముందు పెట్టి ఊపిరికి చోటు చేసుకోండి. అరిచి ఊపిరి వృథా చేయొద్దు. తోపుకి ఎదురు తోయకండి, తోపు తగ్గినప్పుడు ఏటవాలుగా పక్కకి జరగండి. కింద పడిన ఫోన్ కోసం వంగొద్దు. ఎవరైనా స్పృహ తప్పడం చూస్తే గార్డుని పిలవండి, వినకపోతే పక్కవాళ్లందరితో కలిసి చేతులెత్తి చూపించండి.

టికెట్ దొరకలేదు. ఊరికే వెళ్లి చూడొచ్చా?

చూడొచ్చు. ఆతిథ్య నగరంలో యూరోవిజన్ విలేజ్ అని ఉచిత ప్రాంగణం ఉంటుంది. 2023లో లివర్‌పూల్ పియర్ హెడ్‌లో, 2024లో మాల్మో ఫోల్కెట్స్ పార్క్‌లో, 2025లో బాసెల్ మెస్సే హాళ్లలో పెట్టారు. బాసెల్‌లో సెయింట్ యాకోబ్ పార్క్ ఫుట్‌బాల్ స్టేడియంలో 36,000 మందికి పెద్ద తెర మీద ఫైనల్ చూపించారు, దానికి మాత్రం టికెట్. ఉచితమైన చోట కూడా తనిఖీలు ఉంటాయి, నిండితే గేట్లు మూసేస్తారు. ఫైనల్ రోజు సాయంత్రానికి చేరుకుందాం అనుకుంటే బయటే ఉండిపోయే అవకాశం ఎక్కువ, మధ్యాహ్నానికే వెళ్లండి. హాల్ గేటు దగ్గర నిలబడి పాట వింటాం అంటే మాత్రం కుదరదు, పోలీసులు పంపించేస్తారు.